ఒంటరిగా బతకాలంటే ముందు ఆగాలి

డేజెడ్ ఆటలో ప్రాణం సాధారణంగా సముద్రపు ఒడ్డునే మొదలవుతుంది. ఒంటిమీద కట్టుబట్టలు, జేబులో ఓ పండు, ఒకటో రెండో చిన్న వస్తువులు. అంతే ఆస్తి. చేతికి మ్యాప్ ఇవ్వరు. ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లుండరు. ఫలానాది సాధిస్తే గెలిచినట్టు అన్న లెక్క లేదు, స్కోరు లేదు, లెవెల్ లేదు. చనిపోతే అప్పటిదాకా కూడబెట్టిందంతా పోతుంది, మళ్లీ ఒడ్డు నుంచే నడక. ఇలాంటి ఆటను స్నేహితులతో జట్టు కట్టి ఆడటం ఒక ఎత్తు, ఒక్కరే ఆడటం ఒక ఎత్తు. ఈ అధ్యాయం ఒక్కరే ఆడేవాళ్ల కోసం.

ఆట ఎలా పుట్టిందో తెలిస్తే దాని స్వభావం అర్థమవుతుంది. న్యూజీలాండ్ సైన్యంలో పనిచేసిన డీన్ హాల్ బ్రునై అడవుల్లో సైనిక శిక్షణ తీసుకున్నాడు. తిండి చాలక, ఒళ్లు చెడి అక్కడ పడ్డ అవస్థ నుంచే అతనికి ఒక ఆలోచన వచ్చింది: ఆడేవాడికి ఆకలీ భయమూ నిజంగా తెలిసేలా ఒక ఆట ఉండాలని. 2012లో చెక్ కంపెనీ బొహీమియా ఇంటరాక్టివ్ వారి ‘ఆర్మా 2’ అనే యుద్ధపు ఆటకు మార్పులు చేసి (ఇలాంటి మార్పునే మాడ్ అంటారు) డేజెడ్‌ను ఉచితంగా వదిలాడు. నాలుగు నెలల్లో పది లక్షల మంది ఆడారు. 2013 డిసెంబరులో అది విడి ఆటగా అమ్మకానికి వచ్చింది. పూర్తి రూపం తేలడానికి 2018 డిసెంబరు దాకా పట్టింది.

మన కుర్రాళ్లు రాత్రింబవళ్లు ఆడిన పబ్‌జీకి మూలం కూడా ఇక్కడే ఉంది. దాన్ని తయారుచేసిన బ్రెండన్ గ్రీన్ మొదట డేజెడ్‌ మాడ్‌కే మార్పులు చేసి చివరికి ఒక్కరే మిగిలే బ్యాటిల్ రాయల్‌ను రూపొందించాడు. ఆ ఆలోచనే పెరిగి 2017లో పబ్‌జీ అయింది. అయితే పబ్‌జీ అరగంటలో తేలిపోతుంది. వలయం బిగుసుకుంటూ జనాన్ని ఒకచోటికి తరుముతుంది. డేజెడ్‌లో తరిమేవాళ్లు లేరు. ఈ తేడా గుర్తించనివాళ్లు పబ్‌జీలో పరిగెత్తినట్టే ఇక్కడా పరిగెత్తి, మొదటి ఊళ్లోనే నేలకొరుగుతారు.

జట్టుకు లేనిది మీకు ఉంది

జట్టుకు చాలా సదుపాయాలున్నాయి. ఒకరు ఇల్లు వెతుకుతుంటే ఇంకొకరు కాపలా కాస్తారు. ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరు కట్టు కడతారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. ఒంటరిగా ఆడేవాళ్లకు ఇవేవీ లేవు. స్పృహ తప్పితే తెర నల్లబడుతుంది. మళ్లీ తెలివి వచ్చేదాకా పక్కన నిలబడేవాళ్లు ఉండరు. వెనక నుంచి ఎవరు వస్తున్నారో చెప్పే రెండో జత కళ్లు లేవు. వీటిని తక్కువ చేసి చెప్పను. ఒంటరి ఆట కష్టమైన ఆటే.

కానీ మీరు ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగవచ్చు. ఈ స్వేచ్ఛ జట్టుకు లేదు. నలుగురున్నచోట ఒకడికి ఆకలి, ఇంకొకడికి తుపాకీ మీద యావ, మరొకడు అన్నానికి లేవాలి. ఎవరో ఒకరి తొందర అందరి నెత్తికీ చుట్టుకుంటుంది. నలుగురు నడిస్తే చప్పుడూ ఎక్కువే, కనపడే అవకాశమూ ఎక్కువే. మీరు పొద వెనక పావుగంట కూర్చున్నా ఎందుకని అడిగేవాళ్లు లేరు. ఒక ఊరు నచ్చకపోతే దాన్ని వదిలేసి పక్క ఊరికి పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోరాటం వద్దనుకుంటే వద్దనుకోవచ్చు. నేను గమనించినంతలో ఎక్కువ రోజులు బతికే ఒంటరి ఆటగాళ్లకు గురి బాగా కుదరడం కన్నా ఈ ఆగే అలవాటే ఎక్కువ. గురి సాధనతో వస్తుంది. ఆగడం మాత్రం మనసును అదుపులో పెట్టుకుంటేనే వస్తుంది, అందుకే అది వ్యక్తిత్వానికి సంబంధించిన విషయం.

ఆగడమంటే భయపడి ఒక మూల నక్కి కూర్చోవడం కాదని ముందే చెప్పాలి. నక్కి కూర్చున్నవాడికి ఆకలి వేస్తుంది, చలి పుడుతుంది, చివరికి తప్పనిసరై తప్పుడు సమయంలో బయటికొస్తాడు. నేను చెప్పే ఆగడంలో కళ్లు పనిచేస్తుంటాయి, చెవులు పనిచేస్తుంటాయి. ఇప్పుడు నా దగ్గర ఏముంది, తరువాత ఏం కావాలి, అది ఎక్కడ దొరుకుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాక కాలు కదులుతుంది.

ఊరి బయట పావుగంట

ఒడ్డున కళ్లు తెరవగానే చుట్టూ చూడండి. ఆట జరిగే చెర్నరస్ కల్పిత దేశమే అయినా, దాని కొండలూ లోయలూ చెక్ రిపబ్లిక్ ఉత్తర భాగంలోని నిజమైన నేలను చూసి గీసినవి. వైశాల్యం 225 చదరపు కిలోమీటర్లు. సముద్రం దక్షిణాన, తూర్పున మాత్రమే ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం దిక్కులు తెలిసినట్టే: సముద్రానికి వీపు పెట్టి నడిస్తే ఉత్తరానికో పడమరకో లోపలికి వెళుతున్నారన్నమాట. ఊరి పేర్లున్న బోర్డులు రష్యన్ లిపిలో ఉంటాయి. చెర్నోగోర్స్క్, ఎలెక్ట్రోజావోద్స్క్, బెరెజినో లాంటి పెద్ద పట్నాల పేర్లు ఆ లిపిలో ఎలా ఉంటాయో ఓ కాగితం మీద రాసిపెట్టుకోండి. పొద్దు ఏ వైపు పొడిచిందో చూసుకోండి, రాత్రయితే ధ్రువ నక్షత్రం వెతకండి. ఆట తయారుచేసినవాళ్లు ఆకాశాన్ని కూడా శ్రద్ధగానే గీశారు.

ఒడ్డు వెంబడి ఉన్న పట్నాలే అందరికీ మొదట కనపడేవి. కొత్తగా పుట్టినవాళ్లంతా అక్కడే చేరతారు, వాళ్లను వేటాడటానికి సరదాపడేవాళ్లూ అక్కడే తిరుగుతారు. అధికారిక సర్వర్లో ఒకేసారి అరవై మంది దాకా ఆడవచ్చు. ఆ అరవై మందిలో ఒక్కరు మీ కన్నా ముందే ఎత్తయిన భవనం ఎక్కి కూర్చున్నా చాలు, మీ ఆట ముగుస్తుంది. కాబట్టి ఒడ్డున అవసరమైనంత మేరకే ఆగి, వీలైనంత తొందరగా లోపలి చిన్న ఊళ్లకు మళ్లండి. స్తారొయే, గుగ్లొవో, మొగిలెవ్క లాంటి పల్లెల్లో పెద్ద తుపాకులు దొరకవు. కానీ తాగడానికి నీళ్ల పంపు ఉంటుంది, వెతకడానికి ఇళ్లుంటాయి, పెరట్లో కోళ్లు తిరుగుతుంటాయి. మొదటి గంటలో మీకు కావలసింది ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పల్లె కనపడగానే లోపలికి దూరకండి. చెట్లున్న మిట్ట ఒకటి చూసుకుని, పడుకుని, ఊరిని చదవండి. ముందు తలుపులు చూడండి. ఎవరూ అడుగుపెట్టని ఊళ్లో తలుపులు సాధారణంగా మూసే ఉంటాయి. వరుసగా మూడు ఇళ్ల తలుపులు బార్లా తెరిచి ఉంటే మీకన్నా ముందు ఎవరో వచ్చివెళ్లారు, లేదా ఇంకా ఉన్నారు. తరువాత, ఊళ్లలో తిరుగుతూ మనిషి కనపడగానే మీద పడే జాంబీలను చూడండి. అవి మెల్లగా అటూ ఇటూ తిరుగుతుంటే వాటికి ఎవరూ కనపడలేదన్నమాట. ఒకటి ఉన్నట్టుండి అరిచి పరుగందుకుంటే, అది పరిగెత్తే దిక్కులో ఓ మనిషి ఉన్నాడు. నేల మీద చచ్చిన జాంబీ పడి ఉంటే, చంపినవాడు ఇంకా దూరం పోలేదు, ఎందుకంటే శవాలు కొంతసేపటికి మాయమైపోతాయి. ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తుంటే లోపల ఎవరో వంట చేసుకుంటున్నారు. ఊళ్లో జాంబీలు అసలే లేకపోవడం కూడా అనుమానించదగ్గదే.

ఇదంతా చూడటానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. అంతసేపు ఏం చేయకుండా పడుకోవాలా అని కొత్తవాళ్లు విసుక్కుంటారు. ఆ పడుకున్నంతసేపూ మీరు చేస్తున్నది ఆటలో అన్నిటికన్నా విలువైన పని. చూసి వెళ్లినవాడికి ఏ ఇంట్లోకి ముందు వెళ్లాలో, ఏ దారిన బయటపడాలో తెలుస్తుంది. చూడకుండా వెళ్లినవాడికి తుపాకీ మోగాకే తెలుస్తుంది.

జాంబీల దగ్గర

నిజానికి ఈ ఆటలో జాంబీలు చచ్చి లేచినవాళ్లు కారు, జబ్బు సోకిన మనుషులు. అందుకే వాటికి కళ్లూ చెవులూ బాగా పనిచేస్తాయి. తారురోడ్డు మీద పరిగెత్తితే వినపడుతుంది, గడ్డిలో వంగి నడిస్తే వినపడదు. వెనక నుంచి వంగి నడుస్తూ పోతే చాలావరకు గమనించవు. చేతిలో కత్తి ఉంటే అలాగే దగ్గరికి వెళ్లి చప్పుడు లేకుండా ముగించవచ్చు.

ఒకటి వెంటపడితే తుపాకీ తీయకండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఒక్క గుండు పేలితే ఊళ్లో ఉన్న జాంబీలన్నీ మీవైపు తిరుగుతాయి. అంతకన్నా ప్రమాదం, చాలా దూరంలో ఉన్న మనుషులకు మీరెక్కడున్నారో తెలిసిపోతుంది. గొడ్డలో గట్టి కర్రో పట్టుకుని, అది చెయ్యెత్తినప్పుడు అడ్డుకుని, వెనక్కి తగ్గాక కొట్టండి. రెండు మూడు కలిసి వస్తే ఇంట్లోకి దూరి తలుపు వేసేయండి. తలుపు తీయడం వాటికి రాదు. లోపల ఊపిరి పీల్చుకోండి, గాయం చూసుకోండి, ఒక్కొక్కదాన్నే గుమ్మంలో ఎదుర్కోండి. గుమ్మంలో ఒకేసారి రెండు పట్టవు.

రక్తం కారుతుంటే మిగతావన్నీ తరువాత. తెర మీద గుర్తు కనపడిన వెంటనే కట్టు కట్టండి. కట్టు లేకపోతే వేసుకున్న చొక్కాను చింపి గుడ్డపీలికలు చేసుకోవచ్చు. మురికి గుడ్డతో కడితే గాయం చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి, అయోడిన్ లాంటి మందు దొరికినప్పుడు గుడ్డలకు ముందే పట్టించి పెట్టుకోండి. నాలుగు శుభ్రమైన గుడ్డపీలికలు, మంచి తుపాకీ రెంటిలో ఏది కావాలో తేల్చుకోమంటే ఒంటరి ఆటగాడిగా నేను గుడ్డలే ఎంచుకుంటాను. తుపాకీ లేకపోతే పోరాటం తప్పించుకోవచ్చు, రక్తం కారడాన్ని తప్పించుకోలేం.

నీళ్లు, నిప్పు, చేపలు

ఒంటరివాళ్లను మెల్లగా చంపేది కడుపు. ఊళ్లోని పంపు నీళ్లు నేరుగా తాగవచ్చు. చెరువూ ఏరూ కనపడగానే దోసిలి పట్టేవాళ్లకు మాత్రం కలరా పట్టుకుంటుంది. వాంతి అయిన ప్రతిసారీ తిన్నదీ తాగిందీ బయటికి పోతుంది, మనిషి చూస్తుండగానే నీరసించిపోతాడు. చెరువు నీళ్లే దిక్కయితే గిన్నెలో మరిగించాలి, లేదా క్లోరిన్ బిళ్లలు వేయాలి. కలరాకు టెట్రాసైక్లిన్ పనిచేస్తుంది. పచ్చి మాంసం తిన్నా, జంతువును కోసిన నెత్తుటి చేతులతో తిన్నా వేరే జబ్బు, సాల్మొనెల్లా వస్తుంది. దానికి బొగ్గు బిళ్లలు మందు. ఏ జబ్బుకు ఏ మందో తెలియక చేతికందిన బిళ్ల మింగేస్తే ఉన్న మందూ అయిపోతుంది, జబ్బూ తగ్గదు. అన్నిటికన్నా తేలికైన జాగ్రత్త, తినే ముందు పంపు దగ్గర చేతులు కడుక్కోవడం. ఇంట్లో అమ్మ చెప్పే మాటే, చెర్నరస్‌లో అది ప్రాణం నిలబెడుతుంది.

తడిసిన బట్టలు విప్పి పిండుకోవచ్చని చాలామందికి తెలియదు. వానలో నడిచి నడిచి వణుకుతూ, ఎందుకు నీరసిస్తున్నామో తెలియక కూలిపోతారు. అగ్గిపెట్టె దొరకకపోయినా భయం లేదు. కత్తితో చెట్టు బెరడు తీసి, పొట్టి పుల్లతో కలిపితే చేత్తో నిప్పు పుట్టించే సాధనం తయారవుతుంది. కత్తి కూడా లేదా? చిన్న రాళ్లు దొరికితే రాతి కత్తి చేసుకోవచ్చు. వాన కురుస్తుంటే మాత్రం నిప్పు బయట అంటుకోదు, కప్పు కింద రాజేయాలి. ఇంట్లోని పొయ్యిలో రాజేస్తే వెచ్చదనం దొరుకుతుంది కానీ పొగ బయటికి కనపడుతుంది. అందుకని ఊరి నడుమ ఇంటికన్నా, అడవి అంచున పల్లపు చోటు నయం. వంట అయిపోగానే అక్కడి నుంచి కదిలిపోండి.

పొడవాటి కర్రకు తాడు కడితే గాలం కర్ర అవుతుంది. ఎముకతో కొక్కెం చేసుకోవచ్చు, నేల తవ్వితే వానపాములు దొరుకుతాయి. లోపలి చెరువు గట్టున, చెట్ల నీడలో కూర్చుని గాలం వేయడం ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. తుపాకుల వెంట పడి ఈ భాగాన్ని చూడకుండానే వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. నీటిమీద తేలే చప్పుళ్లు, దూరంగా ఎక్కడో తుపాకీ మోత, కొండల మీద మారే వెలుతురు. అక్కడ కూర్చున్నప్పుడు రెండు సంగతులు జరుగుతాయి. కడుపు నిండుతుంది, చుట్టుపక్కల ఏం జరుగుతోందో చెవులకు తెలుస్తుంది. చేపలున్న చెరువు ఒకటి తెలిసి, నాలుగు పంపులు ఎక్కడున్నాయో గుర్తున్నవాడు ఏ పట్నంలోనూ ప్రాణాలు పణంగా పెట్టక్కర్లేదు. ఆగడానికి ధైర్యం ఇచ్చేది ఇదే. కడుపు నిండినవాడే తొందరపడకుండా ఉండగలడు. కాబట్టి ముందు నీళ్లు, తిండి, మంట. ఆ తరువాతే ఆయుధం. ఈ వరస తిరగబడిన చోట పొరపాట్లు మొదలవుతాయి.

మనిషి ఎదురైతే

జాంబీల గురించి ఎంత చెప్పుకున్నా, డేజెడ్‌లో గుండె దడదడలాడేది మరో మనిషి కనపడినప్పుడే. అవతలివాడు మంచివాడో కాదో ఆట చెప్పదు. పేరు తల మీద కనపడదు. మాట్లాడితే దగ్గరున్నవాళ్లకే వినపడుతుంది. చూడగానే కాల్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లూ భయపడే కాలుస్తారు. భయపడిన ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే ముందు తొందరపడినవాడు కాలుస్తాడు.

మీరు ముందు చూసి, అతను మిమ్మల్ని చూడకపోతే, చాలాసార్లు సరైన పని అతన్ని వెళ్లనివ్వడమే. అతని బ్యాగులో ఏముందో మీకు తెలియదు, అతని వెనక ఇంకెంతమంది ఉన్నారో అంతకన్నా తెలియదు. పలకరించాలనిపిస్తే బండరాయో గోడో అడ్డుగా పెట్టుకుని, ఎటు తప్పుకోవాలో ముందే చూసుకుని మాట్లాడండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఒక్కడినే ఉన్నాను, పోట్లాట వద్దు, ఇటు వెళ్లిపోతున్నాను. స్వరం నెమ్మదిగా ఉంటే అవతలివాడి వేలు కూడా నెమ్మదిస్తుంది. ఇంగ్లిష్ సరిగా రాదని మైకు కట్టేసి ఆడే మన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. నాలుగు చిన్న మాటలు చాలు. మైకు పనిచేయకపోతే చెయ్యి ఊపడం, చేతులెత్తడం లాంటి సైగలు ఆటలోనే ఉన్నాయి. బూతులు మొదలెట్టేవాడు తగిలితే జవాబివ్వక్కర్లేదు, మ్యూట్ చేసి చెట్లలోకి తప్పుకోండి.

ఎక్కడి నుంచో గుండు వచ్చి పక్కన నేలకు తగిలితే, తిరిగి కాల్చాలన్న కోరికను అణచుకోండి. కాల్చినవాడు మిమ్మల్ని చూస్తున్నాడు, మీరు అతన్ని చూడటం లేదు. ఆ పోరాటం సమానం కాదు. అడ్డు చాటుకు చేరి, అతని చూపు తప్పించాక, అతను అనుకునే దిక్కు వదిలేసి ఇంకో దిక్కున వెళ్లండి. వెళ్లి దూరంగా కూర్చుని గాయం చూసుకోండి. ఎవరు కాల్చారో తెలుసుకుని పగ తీర్చుకుందామని వెనక్కి వెళ్లేవాళ్లలో మంచి గేర్ పోగొట్టుకోనివాళ్లు అరుదు. అహం దెబ్బతినడం, ప్రాణం పోవడం ఒకటి కాదు. నిజ జీవితంలోనూ ఎన్నో గొడవలు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే ముదురుతాయి. ఆఫీసులో ఎవరో అన్న ఒక్క మాటకు ఆ క్షణంలోనే మెయిల్ కొట్టేసే అలవాటున్నవాళ్లు, ఈ ఆటలో పగబట్టి వెనక్కి పరిగెత్తేవాళ్లు ఒకే కోవకు చెందినవాళ్లని నాకనిపిస్తుంది. ఆటలో నేర్చుకున్న ఆగడం అక్కడా పనికొస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒడ్డున కట్టుబట్టలతో, ఖాళీ చేతులతో తిరిగే కొత్తవాణ్ణి కేవలం సరదాకు చంపకండి. అతని దగ్గర మీకు పనికొచ్చేది ఏదీ ఉండదు. మీ దగ్గర మిగిలిన ఒక కట్టో, ఒక డబ్బా తిండో ఇచ్చి చూడండి. ఎవరినీ నమ్మలేని లోకంలో ఎదుటివాడి గొంతులో వినిపించే ఆశ్చర్యం, ఏ ఆయుధం దొరికినప్పుడూ కలగని తృప్తినిస్తుంది. ఒంటరిగా ఆడేవాళ్లకు మంచితనం చూపడానికి కూడా ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బ్యాగు బరువు

కొంచెం నిలదొక్కుకున్నాక కొత్త కష్టం మొదలవుతుంది. వస్తువులు పెరుగుతాయి. లోపలికి, వాయవ్యానికి పోయేకొద్దీ మంచి సరుకు దొరుకుతుంది. అడవుల్లో వేటగాళ్ల మంచెలు, ఇంకా లోపల సైనిక స్థావరాలు, వాయవ్య విమానాశ్రయం, మ్యాప్ చివర తీసీ స్థావరం. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి పనికొచ్చేలా కనపడుతుంది. దొరికిందల్లా వేసుకుంటూ పోతే బరువు పెరిగి, పరిగెత్తే సత్తువ తగ్గిపోతుంది. తప్పించుకోవడమే బలంగా ఉన్న ఒంటరి ఆటగాడికి ఇది సొంత కాళ్లు తనే కట్టేసుకోవడం.

ప్రతి గంటకూ ఓ చాటున కూర్చుని బ్యాగు విప్పి చూడండి. ఈ వస్తువు గత గంటలో వాడానా, వచ్చే గంటలో వాడతానా అని అడగండి. రెండింటికీ కాదంటే తీసేయండి. పార ఉంటే ఎవరూ తిరగని చెట్ల మధ్య గొయ్యి తీసి పాతిపెట్టుకోవచ్చు. మంచి తుపాకీ ఒక్కటే ఉంటే దాన్ని దాచి, మామూలుదానితో తిరిగేవాళ్లు ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. దాచిపెట్టింది పోతుందేమో అన్న బెంగతో మనసు అక్కడే తిరుగుతుంది. వాడటానికే దొరికింది, వాడండి. పోతే పోనీయండి. వస్తువు మీద మమకారం పెరిగేకొద్దీ మనిషి వింతగా మారిపోతాడు. ఖాళీ చేతులతో ఉన్నప్పుడు తెలివిగా నడిచినవాడే, వీపున ఖరీదైన గేర్ పడగానే ఊరి అంచుకు కూడా పోలేక వణుకుతాడు, లేదంటే తననెవరూ ఏం చేయలేరని నడిరోడ్డున నడుస్తాడు. రెండూ అపాయమే.

ఎంత జాగ్రత్తగా ఉన్నా చావు వస్తుంది. గంటల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి కూడబెట్టుకున్నది ఒక్క గుండుతో పోతుంది. ఆ క్షణంలో కీబోర్డు మీద చెయ్యి విసిరేవాళ్లూ, వెంటనే మళ్లీ పుట్టించే ‘రీస్పాన్’ నొక్కి కోపంతో పరిగెత్తేవాళ్లూ ఎక్కువ. కోపంతో మొదలెట్టిన ప్రాణం పావుగంట కూడా నిలవదు. కుర్చీలోంచి లేవండి. నీళ్లు తాగండి. తరువాత కాగితం తీసుకుని, చనిపోవడానికి ముందు పది నిమిషాల్లో ఏం చేశారో రాయండి, చంపిన గుండు గురించి కాదు. ఎక్కడ ఆగాల్సింది, ఎందుకు ఆగలేదు? ఆకలి తొందరపెట్టిందా, ఆశ తొందరపెట్టిందా, విసుగు తొందరపెట్టిందా? ఇలా రాసిన కాగితాలు నాలుగైదు పోగయ్యాక ఒకే కారణం మళ్లీ మళ్లీ కనపడుతుంది. ఒకరికి అది ఆశ అవుతుంది, ఇంకొకరికి విసుగు. మీది ఏదో మీకు తెలిస్తే, పరీక్షల ముందు, ఉద్యోగం మారేటప్పుడు, డబ్బు పెట్టుబడి పెట్టేటప్పుడు కూడా అదే మిమ్మల్ని తోస్తుందేమో గమనించుకోవచ్చు.

తెర బయట

ఆటలో ఒంటరిగా ఉండటం వేరు, జీవితంలో ఒంటరైపోవడం వేరు. హాస్టల్ గదిలోనో, విదేశంలో చదువుకుంటూ అద్దె గదిలోనో రాత్రంతా తెర ముందు గడిపేవాళ్లకు ఈ తేడా నెమ్మదిగా చెరిగిపోతుంది. చెర్నరస్‌లో మాట్లాడే తోడు లేకపోవడం ఆటకు అందం. గదిలో మాట్లాడే తోడు లేకపోతే మాత్రం అది పట్టించుకోవాల్సిన సంగతి. ఆడిన మర్నాడు ఆ కథను స్నేహితుడికో తమ్ముడికో చెప్పండి. ఒంటరి ఆటలో పుట్టే కథలు చాలా బాగుంటాయి, వినేవాళ్లు కావాలి. చెప్పేటప్పుడు మీకే తెలియని మీ స్వభావం కొంత బయటపడుతుంది.

సమయం గురించి కూడా నిక్కచ్చిగా ఉండాలి. ఇంకొక్క ఇల్లు చూసి ఆపేస్తాను అన్న మాట ఆటలోనూ ప్రమాదమే, గడియారం ముందూ ప్రమాదమే. రాత్రి ఎన్నింటికి ఆపాలో ఆట తెరవకముందే నిర్ణయించుకోండి. ఆ సమయానికి పావుగంట ముందే ఊళ్లకు దూరంగా జరగడం మొదలెట్టండి. లాగౌట్ నొక్కాక పాత్ర వెంటనే మాయమవదు, కొన్ని సెకన్ల పాటు కదలకుండా అక్కడే ఉంటుంది. అందుకే అందరూ వచ్చే ఇళ్లలో కాకుండా, ఎవరికీ పనిలేని దట్టమైన చెట్ల మధ్య ఆపాలి. మళ్లీ తెరిచినప్పుడు కూడా అక్కడే లేస్తారు కాబట్టి, లేవగానే నిలబడకుండా కాసేపు పడుకునే చుట్టూ వినండి.

ఇది చదివి ఈ రాత్రే కొత్త ప్రాణం మొదలెడితే, తుపాకీ మాట మరిచిపోయి లోపలి పల్లెలో ఒక పంపు దాకా బతికి చేరుకోవడమే లక్ష్యంగా పెట్టుకోండి. చేరాక పొదల్లోకి జరిగి లాగౌట్ చేసి పడుకోండి. మీరు నిద్రపోయినంతసేపూ ఆ పాత్రకు ఆకలి వేయదు, దాహం వేయదు.